పదో పాట

మా కాలనీకి చెత్త బండి పొద్దున ఆరున్నరకి వస్తుంది. వస్తుంది అనడం కన్నా వెళ్లిపోతుంది అనడం న్యాయం. మేముండేది మూడో అంతస్తు. బండి మీది స్పీకరు మొదలైనప్పుడు నేను సంచీ మూతికి ముడి వేయడం మొదలుపెడతాను. ముడి పడేసరికి పాట పక్క వీధికి చేరుతుంది. సంచీ కారకుండా ఒంటి చేత్తో ఎత్తిపట్టుకుని బడంగ్‌పేట్ రోడ్డు దాకా ఆ పాట వెంట నడిచిన రోజులున్నాయి. ఎమ్మే తెలుగు చదివినవాడు చెయ్యకూడని పనేం కాదు గానీ, కాలేజీ పిల్లలు ఎదురైతే ఇబ్బందిగా ఉంటుంది. జర ఆగవయ్యా అని డ్రైవరుని ఒకసారి అడిగాను. పాట ఒక చుట్టు అయ్యేదాకా ఆగుతనే ఉన్న సార్, పాట చిన్నగుంటే నేనేం జెయ్యాలె అన్నాడు. తప్పు పాటదని తేలింది.

పోయిన నెల ఆ పాట మార్చారు. కొత్త పాట మొదటిసారి సంచీ ముడి వేస్తూ విన్నాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యవే అమ్మ అని ఎవరో అమ్మాయి పాడుతోంది. మాటలు అవసరానికి రాసినవి, వాటిని అనేదేం లేదు. వరుస మాత్రం ఒకచోట, మెట్లు దిగే మనిషి ఒక మెట్టు విరిగిందని తెలిసి దాన్ని దాటేసినట్టు, ఎగిరి అవతల దిగింది. ఆ ఖాళీలో యంత్రంతో చేసిన చప్పట్ల లాంటిది ఒకటి టక్ మంది. ఆ రోజు చెత్త మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ విరిగిన మెట్టు ఎక్కడుందో నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మెట్ల కింద, నీళ్ల మోటారు స్విచ్చి పక్కన ఉండేది.

అది ఒక పాత పియానోలో నడుమ ఉన్న మెట్టు. ఆ పియానో ఒకామెది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి రచనల్లో మనిషిని పేరు పెట్టి బజారున నిలబెట్టకపోవడం మర్యాద అంటారు. నాకూ అదే సౌకర్యంగా ఉంది. గల్లీలో అందరూ పియానక్క అనేవాళ్లు, మనకీ అదే చాలు.

వాళ్లది పోచంపల్లి వైపు. తండ్రి మగ్గం అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. నేసిన చేతులు మీటరు కర్ర పట్టుకోవడం ఆ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగిందే. తర్వాత ఆ దుకాణం చెల్లెలు చూసుకుంది, అక్క పియానో చూసుకుంది. మగ్గపు ఇంట్లోకి పియానో ఎట్లా వచ్చిందంటే, చిన్నప్పుడు నల్గొండలో ఒక మిషన్ బడి హాస్టల్లో వేశారు. అక్కడ ముసలి సిస్టర్ ఒకావిడ, ఈ పిల్ల ఆటల పీరియడ్‌లో ఆడదని, తీసుకెళ్లి పియానో ముందు కూర్చోబెట్టింది. చాలా ఏళ్లకి ఆ బడివాళ్లు పాత సామాను వదిలించుకుంటున్నారని తెలిసి, పియానక్క ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయి దాన్ని తెచ్చుకుంది. అది మెట్ల మలుపు తిరగలేదు. ముందు అడ్డంగా ప్రయత్నించారు, తర్వాత నిలువుగా, తర్వాత తిట్లతో. చివరికి ఇంటి ఓనరమ్మ కిందకి దిగొచ్చి, మెట్ల కింద పెట్టుకోమ్మా, మోటారుకి మాత్రం అడ్డం రాకూడదు అంది. అట్లా కిరాయి ఇంటి వాటాలో లేని సామాను ఒకటి ఆ ఇంట్లో చేరింది.

పియానోని ఆమె పెద్దాయన అనేది. ఫంక్షన్లకి తీసుకుపోయే కీబోర్డుని పియానో అనేది. కీబోర్డుని కీబోర్డు అంటే ఒప్పుకునేది కాదు.

పెద్దాయనకి నడుమ ఒక మెట్టు పనిచెయ్యదు. లోపలి సుత్తి విరిగిందట. నొక్కితే చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు తప్ప స్వరం రాదు. బాగుచేసేవాడు సికింద్రాబాద్ నుంచి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ చాయ్ తాగి, సామాను దొరకదని చెప్పి పోయాడు. దాంతో ఆమె కట్టిన పాటలన్నీ ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటి దూకేవి. దూకిన చోట ఆమె వేలి కణుపుతో చెక్క మీద టక్ మని కొట్టేది. గొంతుతో ఆ స్వరం పాడొచ్చు కదక్కా, గొంతులో సుత్తి విరగలేదుగా అన్నాను ఒకసారి.

"పెద్దాయన పలకని కాడ నేను పలికితే, ఆయన్ని చిన్న చేసినట్టయితది" అంది.

నవ్వుతూ అనలేదు. అన్ని మెట్లూ పనిచేసే ప్లాస్టిక్ కీబోర్డు మీద కూడా ఆ ఒక్కదాన్ని ముట్టుకునేది కాదు, అక్కడా కణుపుతోనే కొట్టేది.

మాది పరిచయం అనొచ్చు, ఉద్యోగం అనొచ్చు. నేను పక్క సందులో గది తీసుకుని ఎమ్మే చదువుతూ, ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్లకి మైకు పట్టుకునేవాణ్ణి. ఆమె పాడేది. ఆమె నీళ్లు తాగేటప్పుడు నేను మాట్లాడేవాణ్ణి. నన్ను హాస్యచతురుడు అని కరపత్రాల్లో వేసేవాళ్లు. నేను వద్దనలేదు. ఆమెకి ఒక కార్డు ఉండేది. దుకాణం కార్డు వెనక వైపు ఖాళీగా ఉంటుందని, ఆ ఖాళీలో పియానో, పాట, సొంత రచన అని వేయించుకుంది, కింద తన పేరు. జనం చీరల వైపు పైకి పెట్టుకుని జేబులో వేసుకునేవాళ్లు.

ఆమెకి ఒక లెక్క ఉండేది. తొమ్మిది సినిమా పాటలు, పదోది సొంతం. ఆ పదో పాట ఎప్పుడు పాడాలో కూడా ఆమెకి తెలుసు. భోజనాల దగ్గర బిర్యానీ గిన్నె మూత తీసే సమయానికి. అప్పుడు పాడితే ఎవరు వింటారక్కా అన్నాను.

"ఎవరు వినరు. ఎవరు వద్దనరు" అంది.

హాలంతా లేచి పోతుంటే, ఖాళీ అవుతున్న ఎర్ర కుర్చీల వరసల ముందు, పిట్టగోడ మీంచి పక్కింటావిడతో మాట్లాడే గొంతుతో పాడేది. పెద్ద గొంతు కాదు. కళ్లు మూసుకునేది కాదు, తల ఊపేది కాదు. పాట అయిపోగానే కొంగు నుంచి ఒక పోచంపల్లి గుడ్డ ముక్క తీసి మెట్లన్నీ ఆ చివర నుంచి ఈ చివరకి తుడిచేది. ముట్టుకోని ఆ మెట్టుని కూడా. ఆ పదో పాటలు విన్నవాళ్లం ముగ్గురమే. స్టేజీ దిగడానికి వీల్లేని పెళ్లికొడుకు, పెళ్లికూతురు, నేను.

ఒకసారి సీడీ కూడా చేసింది. తెలిసినవాళ్ల ఫ్లాటులో గోడలకి పరుపులు ఆనించి రికార్డు చేశారు. ఒక పాట మధ్యలో కుక్కరు విజిలు వినిపిస్తుంది, తీసెయ్యలేదు. చీర కొంటే సీడీ ఉచితం అని చెల్లెలు దుకాణంలో బోర్డు పెట్టింది. అది వద్దు గానీ చీర మీద ఏమన్న తగ్గియ్యమ్మా అని అడిగేవాళ్లట.

ఇట్లా ఉండగా ఉద్యమం వచ్చింది. రిసెప్షన్లు తగ్గాయని కాదు, రిసెప్షన్లలో కూడా జనం ఉద్యమం పాటలే అడిగేవాళ్లు. ప్రతి చౌరస్తాలో టెంటు, ప్రతి టెంటులో డప్పు, గజ్జెలు. మైకు పట్టుకుని మాట్లాడగలిగినవాడికి అంత పని ఎప్పుడూ లేదు. నేను పెళ్లిళ్లు వదిలేసి వేదికలెక్కాను. నా మాటలకి అంతకుముందు యాభైమంది నవ్వేవాళ్లు, ఇప్పుడు ఐదువేలమంది. మనిషికి అది మంచిది కాదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆమె కబురు పెడితే మెట్ల కిందకి పోయాను. కొత్త పాట. వాళ్లమ్మ మీద కట్టింది. వాళ్లమ్మ నలభై ఏళ్లు గుంత మగ్గంలో, అంటే నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దింపి కూర్చుని నేసిన మనిషి. పట్నం వచ్చాక ఆమెకి మామూలుగా కూర్చోవడం రాలేదు. ఎప్పుడూ మంచం అంచునే కూర్చుని, కాళ్లు కిందకి వేలాడేసి, పాదాలతో ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలించేది. ఆ మనిషి పోయి అప్పటికి సంవత్సరం.

గుంతల కాళ్లు పెట్టి కూసున్నవే అమ్మ
నేల మీద నడిచేది ఎన్నడే అమ్మ

ఎన్నడే దగ్గర పాట దూకింది. కణుపు చెక్క మీద పడింది. ఒక క్షణం, మగ్గంలో పోగుని బిగించే పలక కొట్టినట్టే వినిపించింది. పైన ఓనరమ్మ మోటారు వేసింది, పాట ఆగింది, మోటారు ఆగాక మళ్లీ మొదటి నుంచి పాడింది. అయిపోయాక నాకేం తోచలేదు. అది అరుదు.

"ఏమన్న అను. నువ్వు ఊకుంటే భయమైతది" అంది.

బాగుందక్కా అన్నాను. వేదిక మీద పాడిస్తానన్నాను. అప్పుడు ఆమె అడిగింది. అన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే.

"పాడేముందు మైకుల నా పేరు చెప్పాలె. ఈమె రాసింది, ఈమె కట్టింది అని. పియానక్క అని కాదు, పేరు. గంతే."

అదెంత పనక్కా అన్నాను. అది నిజంగానే చిన్న పని. అందుకే ఇన్నేళ్లుగా మింగుడు పడటం లేదు.

ఎల్బీ నగర్‌లో హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే బంతి భోజనాలు, వాటి మధ్య వేదిక. విజయవాడ బస్సులన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. వెనక పాడటానికి గుంపు ఉండాలని, పియానక్క డప్పు దళం వాళ్లని ముగ్గుర్ని మెట్ల కిందకి పిలిపించుకుని వారం రోజులు పాట నేర్పింది. తను పాడుతుంది, వాళ్లు అందుకుంటారు. అది ఏర్పాటు.

మా ప్రాంతం కమిటీకి ఒక పెద్ద ఉండేవాడు. కమిటీ అన్న అందాం. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి తియ్యని నిష్ఠ ఆయనది. నా చేతిలో పాటల వరస రాసిన చీటీ చూసి, పియానో ఏందిర భయ్, గడీల దొరసానులు వాయించేది గద అన్నాడు. ఆమె ఇంకా రాలేదు కూడా. హైవే మూసేశారు గనక కర్మన్‌ఘాట్ సందుల్లోంచి ఆటోలో తిరిగి వస్తోంది. ఇటు అన్నం ఉడికింది. జనం లేచి పొయ్యిల వైపు పోతున్నారు. కమిటీ అన్న డప్పు దళాన్ని చూపించి, ఆ అమ్మ పాట వీళ్లకు వచ్చునంట గద, ముందుగాల అది కొట్టిపియ్యి, జనం ఆగుతరు అన్నాడు. సరే అన్నాను. ఎందుకు అన్నావంటే, ఆయన అడిగాడు గనక. ఇంతకన్నా పెద్ద కారణం కోసం చాలాసార్లు వెతికాను.

మా వేదికల మీద ఒక ఆచారం ఉండేది. పాటకి ముందు అది ఎవరిదో చెప్పాలి. పేరున్న కవిదైతే పేరు చెప్తాం. ఎవరిదో తెలియకపోతే ప్రజల పాట అంటాం. ప్రజల పాట అంటే చప్పట్లు ఇంకాస్త ఎక్కువ పడతాయని మైకు పట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకు ఆమె పేరు నాలుక మీదే ఉంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో రిసెప్షన్లకి పాడే ఒకామె, మోటారు పక్కన కూర్చుని రాసింది అంటే, లేచి పోతున్న జనం ఆగరు.

"ఈ పాట ఎవరు రాసిన్రో ఎవ్వరికి తెల్వదు. నల్గొండ జిల్లాల నాట్లేసే తల్లులు తరతరాలుగ పాడుకుంటున్న పాట" అన్నాను.

జనం ఆగారు.

గుంతలో కాళ్లు పెట్టేది మగ్గం మనిషి, నాటు మనిషి కాదు. నాట్లు వేసి వచ్చినవాళ్లే అక్కడ వెయ్యిమంది ఉన్నారు, ఒక్కరూ అడగలేదు. దళం వాళ్లు అమ్మ ఉన్నచోటల్లా తెలంగాణ అని పెట్టి పాడారు. కణుపు కొట్టే చోట డప్పు పడింది. చెప్పకపోతే పాపం, చాలా బాగుంది. పొయ్యిల దగ్గరున్న ఆడవాళ్లు గరిటెలు పట్టుకునే వచ్చి నిలబడ్డారు. రెండోసారి పాడించారు, మూడోసారి పాడించారు. మూడోసారి పాడుతుండగా నేను వేదిక పక్కకి చూశాను. ఆటోలో ఆమె కూర్చుని ఉంది, ఒళ్లో కీబోర్డు నిలువుగా పట్టుకుని. ఎప్పుడొచ్చిందో తెలియదు.

తర్వాత ఆమె వంతు. ఆమె మడత స్టాండు విప్పుతుంటే నిశ్శబ్దంగా ఉంది, నిశ్శబ్దం నాకు పడదు. అక్క ఇస్త్రీ బల్ల తెచ్చింది, అందరు అంగీలిప్పి లైన్ల నిలబడున్రి అన్నాను. నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. కీబోర్డు పెట్టుకుని, మొదలుపెట్టింది. అదే పాట. ఆమె వేరే పాట తెచ్చుకోలేదు, ఆ పాట పాడటానికే వచ్చింది. రెండు ముక్కలు పాడగానే ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

"గిది అయిపాయె గదక్కా, ఇంకోటి పాడు."

ఆమె ఆపి నా వైపు చూసింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క వాక్యం. జనం కాస్త తికమకపడేవాళ్లు, కమిటీ అన్న గొంగడి సర్దుకునేవాడు, నేను రెండు నిమిషాలు వెధవనయ్యేవాణ్ణి, తర్వాత అందరం అన్నాలు తినేవాళ్లం.

"అక్కకు గూడ మన పల్లె పాట మస్తు నచ్చినట్టుంది" అన్నాను.

ఐదువేలమంది నవ్వారు. ఆమె మైకు కోసం నా వైపు చెయ్యి చాపింది. నేను ఆ చేతిని పట్టుకుని పైకెత్తి జై తెలంగాణ అన్నాను. ఐదువేలమంది జై అన్నారు. అంతమంది జై అంటుంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. నేను చెయ్యి వదిలాక ఆమె దాన్ని కాసేపు అట్లాగే ఉంచుకుని చూసుకుంది. గుడ్డ ముక్క తీసి మెట్లన్నీ తుడిచింది. స్టాండు మడిచి దిగిపోయింది.

మర్నాడు ఆమె టెంటుకి వచ్చింది, ఇంటి ఓనరమ్మని వెంటపెట్టుకుని. నాతో మాట్లాడలేదు, కమిటీ అన్న ముందు నిలబడి, ఆ పాట నాది, ఇంకోసారి పాడినప్పుడు పేరు చెప్పమనున్రి అంది. నీదని ఎట్ల నమ్మాలమ్మా అన్నాడు ఆయన. అప్పుడు ఓనరమ్మ ముందుకొచ్చింది. ఆ పాట పుట్టడం చెవులారా విన్న మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే.

"ఈ అమ్మాయి మా మెట్ల కింద నెల రోజులు కూచుని కట్టిందండీ. నేను మోటారు వేసినప్పుడల్లా ఆపేసి, మళ్లీ మొదటికొచ్చేది. పోనీలే పాపమని ట్యాంకు నింపడం మధ్యాహ్నానికి మార్చుకున్నాను కూడాను" అంది.

కమిటీ అన్న మెల్లగా, మీది ఏ ఊరమ్మా అని అడిగాడు. తెనాలండీ అంది ఆవిడ. టెంటులో ఎవరూ ఏమీ అనలేదు. అననక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ ఊరి పేరే జవాబు. కానీ నాకు నిశ్శబ్దం పడదని చెప్పాను కదా.

"ఆంటీ, నీళ్లయిపోయినయి, ఇప్పుడు పాటలు గూడ మీయేనా?" అన్నాను.

టెంటు కదిలిపోయేలా నవ్వారు. ఓనరమ్మ ముఖం చూడలేదు, పియానక్క ముఖం చూశాను. ఆమె పాట గురించి మర్చిపోయినట్టుంది. ముసలావిడ మోచెయ్యి పట్టుకుని, పా అమ్మ, ట్యాంకు నిండుతుంటది అని తీసుకుపోయింది. ఆ తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

పాట మాత్రం ఆగలేదు. ఆటోల్లో మోగింది, ఊరేగింపుల్లో మోగింది, కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఎత్తేవాళ్లు పాడుతుంటే విన్నాను. ఒక సభలో ఒక పెద్దమనిషి పాట దూకే ఆ చోటు గురించి వివరించాడు. నాటు వేసే స్త్రీ వంగి లేచేటప్పుడు పట్టే ఊపిరట అది, వందల ఏళ్ల నాటిదట. నేను పక్క కుర్చీలో కూర్చుని తల ఊపాను. ఆ పాట ఏ పేరూ లేకుండా పోయిందని కూడా అనలేను. ఒక చిన్న పుస్తకంలో అచ్చు వేసి, కింద సేకరణ అని నా పేరు పెట్టారు. పెట్టమని నేను చెప్పలేదు. తీసెయ్యమనీ చెప్పలేదు. లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ పుస్తకం బల్ల మీద ఉంది. పల్లె పల్లె తిరిగి సేకరించారా అని అడిగారు. కొంత తిరిగానండీ అన్నాను.

రాష్ట్రం వచ్చింది. మెట్రో వచ్చింది. ఆ మేడ పడగొట్టి హాస్టల్ కట్టారు, ఓనరమ్మ తెనాలి వెళ్లిపోయిందని విన్నాను. ఆమె వెళ్లింది ఉద్యమానికి భయపడి కాదు, మోకాళ్లకి. పెద్దాయన ఎక్కడికి పోయాడో ఎవర్నీ అడగలేదు.

పియానక్కని ఆఖరిసారి ఒక మాల్‌లో చూశాను. కింది అంతస్తులో ఎస్కలేటర్ల పక్కన తెల్ల పియానో ఒకటి పెట్టారు, మెట్లన్నీ పనిచేసేది. దాని ముందు ఆమె. వాయించడమే, పాడకూడదని నిబంధనట, కొనుక్కునేవాళ్లకి ఇబ్బందని. జుట్టు నెరిసింది. ఒక సినిమా పాట వాయిస్తోంది. నేనూ మా ఆవిడా ఎస్కలేటరు దిగుతుంటే తల ఎత్తి చూసింది. నేను దాక్కోలేదు, ఎస్కలేటరు మీద దాక్కోవడం కుదరదు. దగ్గరికి పోయి ఎట్లున్నవక్కా అన్నాను. మంచిగున్న అంది. లెక్చరర్ అయినవంట గద, పిల్లల్ని నవ్విపిస్తున్నవా అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే బాగుండేది.

పాట ముగించి, వేళ్లు మెట్ల మీద పెట్టుకుని నా వైపు తిరిగింది.

"తొమ్మిది అయినయి. పదోది వింటవా?"

పార్కింగ్ టైము అయిపోతోందక్కా అన్నాను. నిజంగానే అయిపోతోంది. ఇంకో పది నిమిషాలుంది. తలుపు దాటుతుంటే వెనక, అంత గోలలోనూ, కొత్త చెక్క మీద కణుపు పడ్డ చప్పుడు వినిపించింది. మా ఆవిడ ఎవరామె అని అడిగింది. తెలిసినామె అన్నాను.

మూడు నెలల కింద చెల్లెలు ఫోన్ చేసి అక్క పోయిందని చెప్పింది. ఎల్బీ నగర్‌లో ట్రాఫిక్ ఉంది, అందుకోలేనేమో అన్నాను. ఎల్బీ నగర్‌లో ట్రాఫిక్ ఎప్పుడూ ఉంటుంది గనక అది అబద్ధం కిందకి రాదు. ఆ తర్వాత చెత్త బండి పాటని ఈ వరుసకి మార్చారు. అందులో తెలంగాణ తీసేసి మళ్లీ అమ్మ అని పెట్టారు. అది ఒక్కటే ఆ పాటకి ఇన్నేళ్లలో జరిగిన న్యాయం. ఇప్పుడు రోజూ పొద్దున ఆరున్నరకి అది మా కిటికీ కిందకి వస్తుంది, టక్ మంటుంది, పక్క వీధికి పోతుంది. నేను ముడి వేస్తూనే ఉంటాను.

ఇక్కడిదాకా రాసి, కాగితాలు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. అచ్చుకి ఇచ్చేముందు ఇంటివాళ్లకి చూపించడం పద్ధతి అనుకున్నాను. చెల్లెలు దుకాణంలోనే ఉంది. ఇద్దరు గిరాకీలు చీరలు పరిపించుకుని కూర్చున్నారు. కూసోన్రి అన్నా అని నాకు స్టూలు చూపించి, కళ్లద్దాలు పెట్టుకుని, గల్లాపెట్టె మీద కాగితాలు పరుచుకుని చదివింది. గిరాకీలు ధర అడిగితే చెయ్యి ఎత్తి ఆగమంది. కుక్కరు విజిలు దగ్గర నవ్వింది. తర్వాత నవ్వలేదు. వంటావార్పు పేజీ రెండుసార్లు చదివింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

చివరి కాగితం కూడా అయ్యాక దాన్ని తిప్పి, వెనక వైపు చూసింది. వెనక ఏమీ లేదు. కాగితాలన్నీ ఒద్దికగా సర్ది, చీర మడత పెట్టినట్టు మధ్యకి మడిచి, నా చేతిలో పెట్టింది.

"గిండ్ల గూడ మా అక్క పేరు లేదేంది?" అంది.